కారానికి తూకం రాళ్లు

గుంటూరు మిర్చి యార్డు ధరల పట్టిక సీజన్‌లో రోజూ పత్రికల్లో వస్తుంది. తేజ డీలక్స్, తేజ మీడియం బెస్ట్, 334 సూపర్ టెన్, 341, నంబర్ ఫైవ్, బ్యాడిగి, చిట్టచివర తాలు. ప్రతి రకానికీ ఎదురుగా క్వింటాలుకు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర. కోల్డ్ స్టోరేజీ నుంచి దించిన ఏసీ సరుకు వేరు, కల్లం నుంచి నేరుగా వచ్చిన సరుకు వేరు. ఎన్ని టిక్కీలు, అంటే బస్తాలు, దిగాయి, ఎన్ని అమ్ముడయ్యాయి అన్నదీ ఉంటుంది. ఇన్ని అంకెలున్న పట్టికలో కాయ ఎంత కారంగా ఉందో చెప్పే అంకె ఒక్కటీ ఉండదు. మిరపకాయను లోకం కొనేదే కారం కోసం. ఆ కారాన్నే లెక్కలోకి తీసుకోని ఈ పట్టిక వింతగా కనిపించాలి. ఎవరికీ వింతగా లేదంటే దానికో చరిత్ర ఉంది. కారాన్ని కొలిచే పద్ధతి లేక కాదు, అది 1912 నుంచీ ఉంది. తినేవాడి కోసమే కొన్నంత కాలం కారానికి అంకె అవసరం పడలేదు. తినడానికి కాకుండా వేరే పనికి కొనేవాడు రంగంలోకి దిగాక అంకె పుట్టింది. పుట్టినా అది కొన్నవాడి దగ్గరే ఉండిపోయింది, అమ్మినవాడి దాకా రాలేదు. ఈ వ్యాసంలో నా వాదన ఇదే.

పక్క చేలోని పత్తితో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. రెండు పంటలదీ ఒకే నల్లరేగడి, చాలాచోట్ల ఒకే రైతు. గుంటూరు సీమలో పండిన పత్తిని వర్తకులు కోకనాడ పత్తి అనేవారు. పండింది ఇక్కడ, పేరు మాత్రం ఓడ ఎక్కిన రేవుది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఇండియా పత్తికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది, దానితోపాటే ఫిర్యాదులూ వచ్చాయి. పింజ పొట్టిగా ఉంది, చెత్త ఎక్కువ ఉంది అని. మిల్లు యంత్రానికి మొహమాటం లేదు. పింజ పొట్టిదైతే దారం తెగుతుంది. అందుకే పత్తికి కొలతలు ముందొచ్చాయి: మొదట చేతితో లాగి చూసే పింజ పొడవు, తర్వాత యంత్రం చెప్పే పొడవు, బలం, పోగు సన్నదనాన్ని చెప్పే మైక్రోనేర్. 1970లో కాటన్ కార్పొరేషన్ ఏర్పడ్డాక కొనుగోలు కేంద్రాల్లో తేమకూ అంకె వచ్చింది. 8 శాతం ప్రమాణం, పైన ప్రతి శాతానికీ ధరలో కోత, 12 దాటితే సరుకు వెనక్కి. మిరపకు ఇలాంటి యంత్రం ఎదురుపడలేదు. దాని కొనుగోలుదారు రోకలి, రుబ్బురోలు, ఆ తర్వాత కారం మిల్లు. వీటిలో ఏదీ కారం తక్కువైందని ఆగిపోదు. కారం చాలలేదనిపిస్తే ఇల్లాలు కూరలో ఇంకో అర చెంచా వేస్తుంది.

తూకం విషయంలో మాత్రం మిరప ఎప్పుడూ వెనకబడలేదు. పాత రోజుల్లో మణుగులు, బారువలు, వీశెలు. మద్రాసు లెక్కలో మణుగు 25 పౌన్లు, ఇరవై మణుగులు ఒక బారువ. ఊరికో వీశె, షావుకారుకో రాయి అన్న అపనమ్మకం అప్పుడు మామూలే. 1956 తూనికలు కొలతల చట్టంతో కిలోలు వచ్చాయి, కొన్నేళ్లలో అవే స్థిరపడ్డాయి. రాయి మీద సర్కారు ముద్ర లేకపోతే నేరమైంది. తూకంలో మోసం జరిగితే రైతుకు తెలుస్తుంది కాబట్టి తూకం గురించి పోట్లాట జరిగింది, పోట్లాట జరిగింది కాబట్టి ప్రమాణం వచ్చింది. కారం విషయంలో మోసం జరిగిందో లేదో ఎవరికీ తెలియదు, కాబట్టి పోట్లాటా లేదు, ముద్ర వేసిన రాయీ లేదు.

కారానికి మొదటి రాయి దొరికింది ఇక్కడికి చాలా దూరంలో, వంటకు సంబంధం లేని చోట. అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని పార్క్-డేవిస్ మందుల కంపెనీలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధశాస్త్రవేత్త ఉండేవాడు. నొప్పులకు రాసుకునే పూత మందుల్లో మిరప సారం కలుపుతారు. కాయలో కారం ఎక్కువైతే ఒళ్లు మండుతుంది, తక్కువైతే మందు పనిచేయదు. ఓడలో వచ్చే కాయ మాత్రం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. 1912లో ఆయన చేసింది చాలా సాదా పని. మిరప పొడిని ఆల్కహాలులో నానబెట్టి, ఆ సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోవడం, నాలుక మీద చురుకు తెలిసీ తెలియని చోట ఆగి, ఎన్ని రెట్లు పలచన చేశామో రాసుకోవడం. 30,000 రెట్లు పలచన చేయాల్సి వస్తే ఆ కాయ 30,000 స్కోవిల్. తర్వాత ఐదుగురు రుచి చూసేవాళ్లు, వాళ్లలో కనీసం ముగ్గురి ఏకాభిప్రాయం అన్న నియమం కుదిరింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కారానికి తొలి అంకె ఇచ్చింది తినేవాడు కాదు, మందు సీసాల్లో నింపేవాడు. ప్రతి సీసా ముందటి సీసాలాగే ఉండాలన్న అవసరం అతనిదే.

ఆ పద్ధతిలో లోపం నాలుకలోనే ఉంది. అది ఎలాంటి లోపమో తేలడానికి ఇంకో 85 ఏళ్లు పట్టింది. 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం మిరపలోని క్యాప్సైసిన్ శరీరంలో దేన్ని తాకితే మంట పుడుతుందో కనిపెట్టింది. టీఆర్‌పీవీ1 అని పేరున్న ఆ గ్రాహకం రుచి కోసం ఉన్నది కాదు, వేడి కోసం ఉన్నది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకుని, కాలుతోందని మెదడుకు కబురు పంపడం దాని పని. క్యాప్సైసిన్ వచ్చి అతుక్కుంటే మామూలు ఒంటి వేడికే తెరుచుకుంటుంది. అంటే కారం అనేది నాలుక పొరపాటున చెప్పే ఉష్ణోగ్రత. నోరు కాలడం లేదు, ఉష్ణమాపకం తప్పు చూపిస్తోంది. ఈ పరిశోధనకే 2021లో జూలియస్‌కు నోబెల్ వచ్చింది, స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. తప్పు చూపించడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, తప్పు ప్రతిసారీ ఒకేలా ఉంటే దిద్దుకోవచ్చు కూడా. కానీ ఈ గ్రాహకం అలిసిపోతుంది. ఒక గుక్క తర్వాత రెండో గుక్కకు మొద్దుబారుతుంది. రోజూ పచ్చళ్లు తినే నాలుక, ఎప్పుడో తప్ప కారం ముట్టని నాలుక ఒకే ద్రవానికి వేర్వేరు అంకెలు చెబుతాయి. తొడిమలు తీసే కూలీ చేతులు సాయంత్రానికి భగ్గుమంటాయి, అక్కడా అదే గ్రాహకం. ఏళ్ల తరబడి ఆ పని చేసిన చేతికీ మొదటి రోజు చేతికీ మంటలో తేడా ఉంటుంది. ఇలాంటి సాధనంతో తీసిన అంకెను వేలల్లో, అదీ చివర మూడు సున్నాలతో రాస్తే చూడ్డానికి ఖచ్చితంగా ఉన్నట్టుంటుంది, అంతే.

గుంటూరు వర్తకం నాలుకను నమ్మలేదు. అందులో తెలివి ఉందంటాను. యార్డులో కొనుగోలుదారు టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయ తీస్తాడు. పిడికిలి బిగించి వదిలితే కాయ విరిగిందా, మెత్తగా అణిగి మళ్లీ లేచిందా అన్నది తేమ సంగతి చెబుతుంది. చెవి దగ్గర ఆడిస్తే ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. తొక్క మెరుపు, తొడిమ రంగు, ముడత, తెల్లబారిన తాలు ఎంత కలిసింది, బూజు వాసన ఉందా, ఇదంతా కొన్ని క్షణాల్లో తేలిపోతుంది. చిన్న తునక నోట్లో వేసుకునేవాళ్లూ ఉంటారు కానీ ధర దాని మీద తెగదు. కారం కోసం వాళ్లు చూసేది పేరు. తేజ అంటే ఘాటు, బ్యాడిగి అంటే రంగు, సన్నం అంటే రెండూ మధ్యస్థం. పేరే కొలతగా మారిన తీరు ఈ ప్రాంతపు ప్రత్యేకత. గుంటూరును ఆనుకుని ఉన్న లాం ఫారంలో పుట్టిన వంగడాలకు ఎల్‌సీఏ అన్న అక్షరాలు ముందుంటాయి, లాం క్యాప్సికం యాన్యుయమ్ అని వాటి పూర్తి రూపం. ఎల్‌సీఏ 334 రైతు నోట్లో ఉత్త 334 అయింది. పరిశోధనా క్షేత్రం రిజిస్టరులో వరస సంఖ్యగా ఉండాల్సినది బజారులో సరుకు గుణానికి గుర్తయింది. సర్కారు ముద్దుగా భాగ్యలక్ష్మి, సింధూర్, భాస్కర్ అని పెట్టిన పేర్లున్నా, మిరప రైతుల మాటల్లో అంకెలదే రాజ్యం.

అలాంటప్పుడు పేరు చాలదా అని అడగవచ్చు. ఘాటు కావాలన్నవాడు తేజ అడుగుతాడు, దానికి తగ్గ ధర ఇస్తాడు, మధ్యలో ప్రయోగశాల ఎందుకు? ఈ అభ్యంతరంలో బలముంది. తేజ కాయ సన్నానికంటే రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా ఘాటుండటం మామూలే. ఇంత పెద్ద తేడాను పేరు ఒక్కటే మోసుకురాగలదు. కానీ పేరు మోయలేని తేడాలూ ఉన్నాయి. మొదటి కోత కాయ, మూడో కోత కాయ ఒకటి కావు. కాలువ కింద నీళ్లు పుష్కలంగా తాగిన చేను, వర్షాధారంగా తిప్పలు పడిన చేను ఒకటి కావు. పైగా 334 అన్న అంకె ఇప్పుడు లాం విత్తనానికే కట్టుబడి లేదు. సూపర్ టెన్ అన్న తోక తగిలించుకుని ఆ పోలికలున్న కాయకంతా చెల్లుతోంది. 5531 లాంటి ప్రైవేటు సంకరాలు వచ్చాక సంఖ్యలకు ఒకే తల్లివేరు లేకుండా పోయింది. పేరు మొదట ఒక సగటును సూచించింది, పోను పోను రూపాన్ని సూచించడం మొదలుపెట్టింది. పొడవుగా, సన్నగా, ఎర్రగా ఉంటే ఆ పేరు. లోపలి కారం ఎంతో ఆ రూపం చెప్పదు.

చెప్పాలని అడిగినవాళ్లు కారం మిల్లులవాళ్లు కాదు, సారం తీసేవాళ్లు. 1972లో కేరళ కోలంచేరిలో సింథైట్ మొదలైంది. అలాంటి కంపెనీలు మిరపను ద్రావకంలో నానబెట్టి ఓలియోరెసిన్ తీస్తాయి. కాయ వాళ్లకు కాయ కాదు, కొంత శాతం క్యాప్సైసిన్, కొంత శాతం రంగు, మిగతాదంతా పిప్పి. డెట్రాయిట్ మందుల కంపెనీ అవసరమే వీళ్లదీ: ఈ డబ్బాలోది పోయిన డబ్బాలోదాని లాగే ఉండాలి. చైనా ఈమధ్య తేజను అంత పెద్ద ఎత్తున కొనడానికి ఈ సారం పరిశ్రమ ఒక ముఖ్య కారణం. ఈ పనికి నాలుక చాలదు. 1980ల నుంచి హెచ్‌పీఎల్‌సీ అన్న యంత్రం ఆ చోటు తీసుకుంది. కాయను పొడి చేసి, సారం తీసి, వడగట్టి, సన్నని గొట్టం గుండా ఒత్తిడితో పంపిస్తే క్యాప్సైసిన్, డైహైడ్రోక్యాప్సైసిన్ వేర్వేరు సమయాల్లో బయటికొస్తాయి. ఒక్కోటి ఎంతుందో గీత మీద లేచిన గుట్ట చెబుతుంది. అలసట లేదు, అలవాటు లేదు.

అంతటితో గొడవ తీరిందనుకుంటే తొందరపడ్డట్టే. గుంటూరు సన్నానికి స్పైసెస్ బోర్డు ఇచ్చే క్యాప్సైసిన్ 0.226 శాతం. అంటే కిలోకు 2.26 గ్రాములు, పది లక్షల భాగాల్లో 2,260. దీన్ని స్కోవిల్‌లోకి మార్చాలంటే కొందరు 16తో గుణిస్తారు, 36,160 వస్తుంది. కొందరు 15తో గుణిస్తారు, 33,900 వస్తుంది. కాయలో 10 శాతం తేమ ఉందనుకుని, ఆ తేమను తీసేసి పొడి బరువు మీద లెక్క కట్టి 16తో గుణిస్తే 40,000 దాటుతుంది. ఒకే కాయ, ఒకే యంత్రం, ఒకే గుట్ట, మూడు నిజాయితీ అంకెలు. మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. ఏ లెక్కతో వచ్చిందో చెప్పకుండా రాస్తే మాత్రం మూడూ సగం నిజాలే. అమ్మేవాడు పెద్దది, కొనేవాడు చిన్నది పట్టుకుని ఇద్దరూ ప్రయోగశాల కాగితమే చూపిస్తూ వాదించుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద చిక్కు యంత్రానికి ముందే ఉంది, అది మచ్చు తీయడంలో. కారం కాయ అంతటా సమానంగా ఉండదు. లోపల గింజలు పట్టుకుని ఉండే తెల్లని ఈనెలో పుడుతుంది, గింజకు ఉన్నదల్లా ఆ ఈనెను రాసుకోగా అంటినదే. పొడి చేయడానికి తీసిన మచ్చులో గింజ ఎక్కువ రాలి పడితే అంకె మారుతుంది. బస్తా పైభాగం నుంచి గుప్పెడు తీస్తే ఒకటి, అడుగు నుంచి తీస్తే ఇంకొకటి. కంప్యూటర్ ప్రాసెసర్‌లో వేడి కొలిచే చోటునుబట్టి అంకె మారినట్టే ఇదీ. చిప్ లోపల కోర్ పక్కన ఉన్న సెన్సర్ 90 డిగ్రీలు చెబుతున్నప్పుడు పైనున్న లోహపు మూత మీది సెన్సర్ అంతకంటే చాలా తక్కువ చెప్పొచ్చు. రెండు సెన్సర్లూ సరిగ్గానే పనిచేస్తున్నాయి, ఏది ఎక్కడిదో చెప్పకపోవడమే తప్పు. పది లక్షల భాగాల్లో ఒక భాగాన్ని పట్టుకోగల యంత్రానికి నలభై కిలోల పైచిలుకు బస్తాలోంచి ఒక్క గుప్పెడు అందించి, వచ్చిన ఫలితాన్ని దశాంశ స్థానాలతో అచ్చు వేయడంలో ఉన్న హాస్యం చాలామంది గమనించరు.

కంటి మీద నడిచే వర్తకం ఎంత పెళుసుదో 2003లో బయటపడింది. ఆ ఏడాది మే నెలలో ఫ్రాన్సులో ఇండియా నుంచి వచ్చిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్-1 అనే పారిశ్రామిక రంగు దొరికింది. జూన్ కల్లా యూరప్ దేశాలు పరీక్ష కాగితం లేని మిరపను రానివ్వమన్నాయి. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన కారంలో అదే రంగు తేలి, వందల రకాల ఆహారాలను దుకాణాల అరల్లోంచి దించేశారు. ఎరుపును చూసి ధర కడతారు కాబట్టి ఎరుపును కలపడం లాభసాటి అయింది, ఇందులో ఆశ్చర్యం లేదు. సుడాన్ రంగు బయటపడ్డాక ఎగుమతి సరుకుకు స్పైసెస్ బోర్డు పరీక్షలు తప్పనిసరి అయ్యాయి, గుంటూరులోనే బోర్డు ప్రయోగశాల వచ్చింది. సుడాన్ రంగు, అఫ్లాటాక్సిన్, పురుగుమందుల అవశేషాలు కొలుస్తున్నారు. ఇక్కడా వరస అదే: కొలత ఏదైనా దూరపు కొనుగోలుదారు గట్టిగా అడిగాకే వచ్చింది, అతను అడిగినదానికే వచ్చింది. విషం లేదని రుజువు చేసే ఏర్పాటు ఊరి దాకా వచ్చింది, గుణం ఎంతో చెప్పే ఏర్పాటు ఎగుమతిదారు ఫైలు దగ్గర ఆగింది.

యార్డు వేగానికి ఈ కారం కొలతలు కుదరవని ఇంకో మాట ఉంది. సీజన్ ముదిరితే ఒక్క రోజులో లక్ష టిక్కీలు దాటి దిగే చోట ప్రతి బస్తాకూ ప్రయోగశాల ఎక్కడ? నిజమే. కానీ ప్రతి బస్తాకూ ఎవరూ అడగడం లేదు. కోల్డ్ స్టోరేజీకి ఎక్కే సరుకు నెలల తరబడి అక్కడే ఉంటుంది. రైతు వారీగా, లాటు వారీగా మచ్చు తీసి పరీక్ష చేయించడానికి అంతకంటే తీరుబాటు ఇంకెక్కడ దొరుకుతుంది? వేగం అన్నది కల్లం నుంచి నేరుగా వచ్చే సరుకుకు సరైన అడ్డంకి, నిల్వ సరుకుకు సాకు మాత్రమే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం రైతు వైపు నుంచి వస్తుంది. దాన్ని కొట్టిపారేయలేం. పత్తికి అంకె వచ్చింది కదా, ఏం ఒరిగింది? తేమ మీటరు కొనుగోలు కేంద్రం చేతిలో ఉంది, కోత రైతు చీటీలో పడింది. రేపు కారానికీ మీటరు వస్తే తక్కువొచ్చిన రోజు ధర తగ్గిస్తారు, ఎక్కువొచ్చిన రోజు మాట్లాడరు అని రైతు అనుమానిస్తే తప్పేముంది? పత్తి అనుభవం ఈ అనుమానానికి ఆధారమే. కాకపోతే అదే అనుభవాన్ని ఇంకోవైపు నుంచీ చూడాలి. పత్తిలో నష్టం చేసింది అంకె కాదు, ఒక్కరి చేతిలోనే ఉన్న అంకె. 8 శాతం అన్న హద్దు రాతపూర్వకంగా ఉంది కాబట్టే రైతు ఆ మీటరుతో వాదించగలుగుతున్నాడు, ఎండబెట్టి మళ్లీ తెస్తానని వెనక్కి తీసుకుపోగలుగుతున్నాడు. మిరపలో వాదించడానికి ఏమీ లేదు, కాయ చూసి మీడియం అన్నవాడి మాటే ఆఖరు. పైగా మిరపలో ఇప్పుడు కూడా అంకె లేకపోలేదు. సారం కంపెనీ గేటు దగ్గర, ఎగుమతిదారు ఒప్పందంలో ఉంది. అమ్మకం జరిగి రైతు ఇంటికి వెళ్లాక తేలుతుంది, ఎక్కువ తేలితే ఆ ఎక్కువ దళారీకో ఎగుమతిదారుకో చేరుతుంది. అంకె వద్దంటే అది రాకుండా పోదు, ఇప్పుడున్న చోటే ఉంటుంది.

కాబట్టి కొలవాలా వద్దా అన్న చర్చ పాతబడింది. తేలాల్సినది మచ్చు ఎవరి ఎదుట తీశారు, బస్తాలో ఎన్ని చోట్ల నుంచి తీశారు, తేమతో లెక్కించారా తీసేసి లెక్కించారా, 15తో గుణించారా 16తోనా, ఫలితం అమ్మకానికి ముందు వచ్చిందా తర్వాతా అన్నది. 1956 చట్టం తర్వాత రాయి మీద ముద్ర ఎలా ఉండాలో, ఎవరు వేయాలో, ఎన్నాళ్లకు తిరిగి సరిచూడాలో రాసిపెట్టారు. కారానికి సంబంధించి అంతటి వివరం రాయడానికి కావలసిన సాధనాలన్నీ గుంటూరులోనే ఉన్నాయి: లాంలో వంగడం తెలిసినవాళ్లు, బోర్డు ప్రయోగశాలలో యంత్రం, నెలల కొద్దీ సరుకు దాచే కోల్డ్ స్టోరేజీలు. యార్డు పట్టికలో తేజ డీలక్స్ పక్కన ఒక గడి చేర్చడానికి స్థలమూ ఉంది.